తోలుబొమ్మ మన్నిక: నిమ్మలకుంట పదార్థ ఎంపికపై ఒక పరిశీలన

తోలుబొమ్మలాటపై జరిగిన చర్చలో రామాయణ, భారత కథలకూ, కేతిగాడు, బంగారక్కల హాస్యానికీ దక్కిన చోటు తోలుకు దక్కలేదు. పదార్థ ప్రస్తావన తరచుగా ‘మేక చర్మం, సహజవర్ణాలు’ అనే రెండు మాటలతో ముగుస్తుంది. ఆ రెండు మాటలనూ ఉన్నవున్నట్లు అంగీకరించలేమన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

గుత్తి నుండి దక్షిణంగా సాగే రైలుమార్గం అనంతపురం మీదుగా ధర్మవరం చేరుతుంది. ఆ మండలంలోని నిమ్మలకుంట (2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా) నేడు ఈ కళకు ప్రసిద్ధ కేంద్రం. గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. వానలు ముఖం చాటేసే ఈ మెట్టసీమలో మేకలు, గొర్రెలే రైతుకు ఆసరా. తోలు దొరకడమే కాదు, పొడిగాలికి త్వరగా ఆరుతుంది, సులభంగా బూజు పట్టదు. కోస్తా తేమలో పెట్టెకెక్కిన బొమ్మకు ఆ భాగ్యం లేదు.

బొమ్మ తోలును చెప్పుల తోలులాగా పదును చేయరు. వెంట్రుకలూ మాంసపు పొరా తీసి, బిగలాగి ఎండబెట్టి, వెలుతురు పారేంత పలుచగా గీకుతారు. పదును చేస్తే తోలు తడిని తట్టుకుంటుంది; కాని తెరపై వెలుగును పోనివ్వదు. అంటే వెలుగు కోసం మన్నికలో కొంత తెలిసే వదులుకున్నారు. తడికి మెత్తబడటం, వేడికి ముడుచుకోవడం అందుకు చెల్లించిన మూల్యం. చెక్కడంలోనూ ఇదే బేరం ఉంది. గుండ్రని చిల్లు చిరుగును నిలువరిస్తుంది. కోసుగా తెగిన మూల చిరుగుకు దారి ఇస్తుంది. భుజం, మోచేయి అతుకుల వద్ద నగల చిల్లులు ఒత్తుగా కొట్టిన బొమ్మ చూపుకు సొంపే గాని, ఎక్కువ రాత్రులు ఆడదు.

పూర్వం దేవతాపాత్రలకు జింక చర్మం వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఆ మార్గం మూసుకుపోయింది. దేవుడికీ సేవకుడికీ ఒకే మేకతోలు మిగిలాక, పాత్ర స్థాయిని చెప్పే భారమంతా రంగుపైనా చెక్కడంపైనా పడింది.

‘సహజవర్ణం’ అంటే సురక్షితమన్న భావన మరింత చిక్కైనది. హరిదళం గనిలో దొరికే ఖనిజమే; అది ఆర్సెనిక్ సల్ఫైడు. ఇంగిలీకం పాదరసపు సల్ఫైడు. కథకళి ముఖవర్ణాల్లో హరిదళం వాడుక ప్రసిద్ధమే. రంగు ఎక్కడ పుట్టిందన్నదానితో పాటు, అందులో ఏముంది, అది తోలులో ఇంకుతుందా, పొరగా నిలుస్తుందా అని అడగాలి. ఇంకిన రంగు వెలుగును పోనిస్తుంది, బొమ్మ వంగినా రాలదు. పొరగా నిలిచినది పగిలి, పొడియై ఆడించేవారి చేతికి అంటుతుంది. ఈ దృష్టితో నేటి పారదర్శక రసాయన సిరాలను కేవలం పతనంగా చూడలేము. వాటి లోపం వేరు: ఎండకు వెలవెలబోయేవి ఉన్నాయి, విడిగా అమ్మే పొట్లంపై అందులో ఏముందో రాసి ఉండదు.

ల్యాంప్‌షేడ్ల విపణి కొలమానాన్నే మార్చింది. అక్కడ తోలు ఇనుప చట్రానికి బిగిసి కదలకుండా ఉంటుంది. అతుకులకు పని లేదు, బల్బు వేడిని మాత్రం గంటల తరబడి భరించాలి. ఈ రెంటినీ ‘తోలుబొమ్మ’ అన్న ఒకే శీర్షిక కింద చేర్చే సంగ్రహాలయ పట్టికలు పరిశోధకుడిని తప్పుదారి పట్టిస్తాయి. ఆడిన బొమ్మను గుర్తించడం కష్టమేమీ కాదు: వీపున కర్ర కట్టిన ఆనవాలు, మోచేతి దారపు అరుగుదల, అంచున ఆముదపు దీపం మసి. పట్టికలో నమోదు కావలసినవి ముందుగా ఇవే.