మెత్తని పగడాల రోగనిర్ణయం: పట్టికలు చెప్పనిది

గాజు తొట్టెలలో ఉప్పునీటి జీవులను పెంచేవారి కోసం వెలువడే చిన్న పుస్తకాలలోను, అమ్మకందారులు ఇచ్చే కరపత్రాలలోను తరచు ఒక పట్టిక కనిపిస్తుంది. ఎడమవైపు లక్షణం, మధ్య రోగం పేరు, కుడివైపు మందు. ముడుచుకొన్నదా, ఫలానా సీసా. తెల్లబారినదా, మరొక సీసా. చూడడానికి ఎంతో శాస్త్రీయంగా కనిపించే ఈ పట్టిక రోగనిర్ణయ పద్ధతికి సాయపడకపోగా అడ్డు తగులుతున్నదని నా అభిప్రాయం. మెత్తని పగడాల విషయంలో ఈ లోపం స్పష్టంగా బయటపడుతుంది.

మెత్తని పగడం మొక్క కాదు, రాయీ కాదు. ఎన్నో చిన్న జీవులు కలిసి కట్టిన కాపురం అది. ఒక్కొక్క జీవికి నోటి చుట్టూ ఎనిమిది స్పర్శకాలు, వాటికి ఈకవలె పక్క రెమ్మలు ఉంటాయి. రాతి పగడాలవలె ఇది గట్టి సున్నపు గూడు కట్టదు. కండలో సన్నని సున్నపు కణికలు మాత్రం ఉంటాయి. చాలా జాతుల కణాలలో ఏకకణ శైవలాలు కాపురముండి, వెలుతురులో తాము తయారుచేసిన ఆహారంలో కొంత భాగం పగడానికి ఇస్తాయి. అందుచేత ఇక్కడ మనం పరీక్షించేది ఒక జీవిని కాదు. రెండు జీవులను, వాటిని ముంచి ఉంచిన నీటిని.

తొట్టెలలో తరచు పెంచే తోలు పగడాన్ని చూడండి. శాస్త్రజ్ఞులు దీనిని సార్కోఫైటాన్ అంటారు. పుట్టగొడుగువంటి ఈ జీవి అప్పుడప్పుడు స్పర్శకాలను లోపలికి లాగుకొని, రంగు తగ్గి, మైనపు పొరవంటిది కప్పుకొని కూర్చుంటుంది. కొన్ని రోజులు, ఒక్కొక్కప్పుడు వారానికి పైగా ఇలాగే ఉండి, ఆ పొరను విడిచి మళ్లీ విచ్చుకొంటుంది. ఒంటిమీద చేరిన నాచును, మురికిని వదిలించుకొనే పద్ధతి ఇది. పట్టిక మాత్రం దీనిని రోగంగా లెక్కిస్తుంది. యజమాని మందు పోస్తాడు. పొర ఊడి పగడం విచ్చుకొంటుంది. మందు గెలిచిందని కరపత్రానికి ఇంకొక సాక్షి దొరుకుతాడు!

అయితే ముడుచుకోవడం ఎప్పుడూ నిరపాయమే అనుకోరాదు. నీటిలో ఉప్పు పెరిగినా, దీపం మార్చినా, పక్కనున్న పగడం కుట్టినా, మడతలలో దాగిన సముద్రపు నత్తజాతి జీవి రాత్రివేళ కొరికినా అదే లక్షణం. లక్షణం ఒకటి, కారణాలు పది. కాబట్టి అడగవలసిన ప్రశ్న "ఏ మందు?" అన్నది కాదు. ఎప్పటినుండి? అంతకుముందు ఏమి మారింది? మిగిలిన జీవులు ఎలా ఉన్నాయి? వీధిలో అందరికీ విరేచనాలు పట్టుకొంటే ముందు బావిని చూస్తాము. ఒక్క ఇంటిలో ఒకరికే అయితే వారు తిన్నదేమిటో అడుగుతాము. తొట్టె అంతా ముడుచుకొంటే నీటిని, ఒక్కటే ముడుచుకొంటే దాని చోటును, పొరుగును అనుమానించాలి.

నీటి విషయంలో విద్యార్థులు కాగితంమీదే చేయదగిన లెక్క ఒకటి ఉంది. 100 లీటర్ల తొట్టెలో లీటరుకు 35 గ్రాముల చొప్పున 3,500 గ్రాముల ఉప్పు ఉన్నదనుకొందాం. వేసవిలో 10 లీటర్లు ఆవిరైతే ఉప్పు అంతా మిగిలే ఉంటుంది. లీటరుకు సుమారు 38.9 గ్రాములవుతుంది. లోటును మంచినీటితో తీరిస్తే మళ్లీ 35. సముద్రపు నీటితో తీరిస్తే 38.5. తొట్టె నిండుగానే కనిపిస్తుంది; జీవి మాత్రం ముడుచుకొంటుంది. ఈ తప్పుకు విరుగుడు సీసాలో దొరకదు.

తెల్లబారడం సంగతీ ఇంతే. నీరు వేడెక్కినప్పుడు పగడం తనలోని శైవలాలను కోల్పోతుంది. 1998లోను, 2016లోను ప్రపంచంలోని అనేక పగడపు దిబ్బలు ఇలాగే తెల్లబారాయి. తెల్లబారిన పగడం వెంటనే చనిపోయినట్టు కాదు. నీటిని మెల్లగా చల్లబరచి, వెలుతురు తగ్గిస్తే కొన్ని కోలుకొంటాయి. కంగారుపడి ఒక్కసారిగా నీరంతా మార్చితే రెండవ దెబ్బ కొట్టినట్టే.

మండపేటలోని పాఠకునికి ఈ చర్చ దూరపు చర్చ అనిపించవచ్చు. గోదావరి నోటి దగ్గర పగడపు దిబ్బలు పెరగవు. ఒండ్రు, మంచినీరు వాటికి గిట్టవు. కాని ఆ పట్టిక మాత్రం మన కోళ్ల షెడ్లకు, రొయ్యల చెరువు గట్లకు ఎప్పుడో చేరింది. వేసవిలో కోడి రెక్కలు వాల్చి నోరు తెరిస్తే అది ఎండదెబ్బ కావచ్చు, కొక్కెర తెగులూ కావచ్చు. రొయ్యల సంగతి ఇంకా కష్టం. 1994లో మన దేశంలో కనిపించిన తెల్లమచ్చ వ్యాధి వైరస్ వలన వచ్చేది. టైగర్ రొయ్య సాగును అది బాగా దెబ్బతీసింది. అయితే పెంకుమీద తెల్లమచ్చలు నీటిలో క్షారత్వం ఎక్కువైనా, కొన్ని బాక్టీరియాల వలన కూడా రావచ్చు. 2009 తరువాత విస్తరించిన వనామీ రొయ్యలలో మచ్చలు స్పష్టంగా లేకుండానే వైరస్ చంపవచ్చు. పి.సి.ఆర్. పరీక్ష చేయించకుండా మచ్చను మాత్రమే నమ్మినవాడు ఆరోగ్యమైన పంటను తొందరపడి పట్టివేయగలడు, జబ్బు పంటను నిలిపి ఉంచనూ గలడు. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా దాని అవశేషం దొరికితే ఎగుమతి సరుకు తిరిగివస్తుంది.

పేర్ల గందరగోళం ఇంకొకటి. ఉప్పునీటి చేపలకూ తెల్లచుక్కల జబ్బు ఉన్నది. దానికి కారణం వైరస్ కాదు, క్రిప్టోకారియాన్ అనే ఏకకణ పరాన్నజీవి. దానికి రాగి లవణాలు వాడతారు. అదే నీటిలో పగడం ఉంటే ఆ రాగి పగడాన్ని చంపుతుంది. చేపలకు, పగడాలకు కలిపి ఒకే పట్టిక అచ్చువేసినవారు ఈ ఒక్క సంగతినైనా పెద్ద అక్షరాలతో వేయవలసింది.

వెంటనే చేయి చేసుకోవలసిన సందర్భమూ లేకపోలేదు. కండ నల్లబడి, కరిగి, కుళ్లు వాసన వేస్తుంటే ఎదురుచూడరాదు. పగడాన్ని వేరే పాత్రలో తొట్టె నీటిలోనే ఉంచి, కుళ్లిన భాగాన్ని పదునైన బ్లేడుతో ఆరోగ్యమైన కండ వరకు కోసివేయాలి. గాయపడిన మెత్తని పగడాలు పొరుగు జీవులకు హాని చేసే పదార్థాలను నీటిలోకి విడుస్తాయి కనుక, ఆ తరువాత కొన్ని రోజులు తొట్టె నీటిని ఉత్తేజిత బొగ్గు గుండా పారించడం మంచిది.