దారి అడిగే పద్ధతి

నర్సీపట్నంలో మా ఇంటికి రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు. కింద ఫైబర్, మేడ మీద సిమ్ వేసిన రౌటర్. ఈదురుగాలి వస్తే స్తంభాల మీది ఫైబర్ తెగుతుంది. అప్పుడు అమ్మ విశాఖలో ఉన్న నాకు ఫోన్ చేస్తుంది: "కింద నెట్ లేదురా, పైకెళ్తే వస్తోంది." మోకాళ్ల నొప్పితో ఆవిడ మెట్లెక్కడం నాకు బాధ.

ఇంట్లో సెట్టింగులు చూసేవాళ్లు లేరు. రౌటర్లే మాట్లాడుకుని దారి తేల్చుకోవాలి. ఇందుకోసమే ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ 2011లో హోమ్‌నెట్ బృందాన్ని పెట్టింది. ఏ రౌటింగ్ ప్రోటోకాల్ వాడాలన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. ఓఎస్‌పీఎఫ్, ఐఎస్-ఐఎస్ పద్ధతిలో ప్రతి రౌటరూ మొత్తం పటం దగ్గర పెట్టుకుని దారి లెక్కగడుతుంది. యూలియుష్ ఖ్రోబోచెక్ రూపొందించిన బేబెల్ మాత్రం పక్కవాణ్ణి అడుగుతుంది. హోమ్‌నెట్‌లో దాన్ని ఎలా వాడాలో చెప్పే ప్రమాణ పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 9080, 2021 ఆగస్టులో వచ్చింది.

పక్కవాణ్ణి అడగడంలో పాత ప్రమాదం ఒకటుంది. తాళ్లపాలెం రోడ్డు మూసేశారనుకోండి. అబీద్ సెంటర్‌లో ఒకాయన "పెదబొడ్డేపల్లి ఆయనకి దారి తెలుసు" అంటాడు. ఆయనేమో "అబీద్ సెంటర్‌లో అడగండి" అంటాడు. ఎవరూ అబద్ధమాడలేదు. ఒకరి పాత మాటని ఇంకొకరు నమ్మారు. బండి మాత్రం ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది.

బేబెల్ నియమం నన్ను కట్టిపడేసింది: ఒక గమ్యానికి నేను ఇదివరకు చెప్పిన దూరాలన్నిటికన్నా తక్కువ చెప్పేవాడినే నమ్ముతాను. అతని దారి నా గుండా వెళ్లేదైతే నాకన్నా ఎక్కువ దూరమే చెప్పాలి కదా! అలాంటివాడు దొరక్కపోతే, కొత్త వరుస సంఖ్యతో మళ్లీ చాటమని గమ్యం వైపు కబురు వెళ్తుంది. వైఫైలో ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయో కూడా బేబెల్ లెక్కేస్తుంది. స్లాబు దాటి వచ్చే మా సిగ్నల్‌కి ఆ లెక్క చాలా అవసరం.

రెండు రౌటర్లలోనూ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి బేబెల్ పెట్టాను. ఫైబర్ తెగగానే కింది రౌటర్లో ఫైబర్ కంపెనీతో కలిపే పీపీపీఓఈ సెషన్ పడిపోతుంది, బయటి దారి చెరిగిపోతుంది, మేడ మీది దారి అందుకుంటుంది. మొన్నటి గాలికి అమ్మ కుర్చీలోంచి లేవలేదు.

తెగింది మా వీధిలో కాక ఇంకా అవతలైతే మాత్రం పీపీపీఓఈ నిలిచే ఉంటుంది, బేబెల్‌కి తెలియదు. బయటి చిరునామాని మాటిమాటికీ పలకరించి, జవాబు రాకపోతే ఆ దారి తీసేసే చిన్న స్క్రిప్టు రాస్తున్నాను. అంతవరకూ ఆ రోజుల్లో అమ్మ మేడ ఎక్కాల్సిందే.