పీకాక్ బాస్: చెక్క ఎర, ఈక ఎర

పీకాక్ బాస్‌ని పట్టడం వేరు, రెచ్చగొట్టి పైకి రప్పించడం వేరు. బతికున్న చిన్నచేపను కొక్కేనికి గుచ్చి నీళ్లలో వదిలితే ఎవరికైనా పడుతుంది. ప్రాణం లేని చెక్కముక్కకో నాలుగు కోడి ఈకలకో నడక నేర్పి, ఆ చేప ఒళ్లు మండి దూకేలా చేసినవాడే నా లెక్కలో వేటగాడు. ఈ మాటకు పోట్లాటకొచ్చే మిత్రులున్నారు. రానివ్వండి.

పేరులో బాస్ ఉందే గానీ అమెరికా చెరువుల్లోని బాస్‌తో దీనికి చుట్టరికం లేదు. మన చెరువుల్లో తామరతంపరగా పెరిగే తిలాపియా ఉందే, ఆ సిక్లిడ్ల కుటుంబానిదే ఇదీ. శాస్త్రజ్ఞులు సిక్లా అంటారు, బ్రెజిల్‌లో తుకునారే, వెనెజువెలాలో పవోన్. పుట్టిల్లు అమెజాన్, ఒరినోకో నదులు. బంగారు ఒంటి మీద నల్లని అడ్డపట్టీలు, తోక మొదట్లో పసిడి అంచున్న నెమలికన్ను. జాతులన్నిటిలో పెద్దది సిక్లా టెమెన్సిస్. ఒళ్లంతా తెల్లచుక్కలతో కనిపించేదాన్నీ, పట్టీలతో మెరిసేదాన్నీ చాలాకాలం వేర్వేరు చేపలనుకున్నారు. రెండూ ఒకటే, గుడ్లు పెట్టే కాలానికి వేషం మారుతుందంతే. అప్పుడు మగచేప నుదుటి మీద మూపురం కూడా లేస్తుంది. 2010 నవంబరులో బ్రెజిల్‌లోని శాంటా ఇసబెల్ దగ్గర, రియో నెగ్రో నది మీద ఆండ్రియా జక్కెరిని పట్టినది 13.19 కిలోలు తూగి ప్రపంచ రికార్డయింది. చరిత్ర ఇంత చాలు, పనితనం దగ్గరికి వద్దాం.

ముందు చెక్క ఎర. లూర్ జెన్సన్ కంపెనీ వుడ్‌చాపర్‌తో దీనికి పేరొచ్చింది. జానెడు పొడవు చెక్క, పొట్టకింద మూడేసి కొక్కేలు, తోక దగ్గర ఒక చిన్న పంకా. విసిరాక గాలం కర్ర కొసను నీటివైపు దించి, మణికట్టుతో ఒక్క గుంజు గుంజాలి. పంకా తిరిగి, కొత్త గుడ్డను సర్రున చించినట్టు చప్పుడవుతుంది. దారం వదులైన మరుక్షణమే రీల్ తిప్పి ఆ వదులు లాగేసి, మళ్లీ గుంజు. ఈ లయ తప్పితే చెక్క చెక్కగానే ఉండిపోతుంది. ఎండలో పొద్దస్తమానం ఇలా గుంజితే భుజాలు పడిపోతాయి. పడిపోనివ్వండి, ఆ నీళ్లు బద్దలైన చప్పుడు ఒక్కసారి విన్నవాడు మళ్లీ మామూలు వేటకు పోలేడు.

ఆ పంకా సంగతి కొంచెం చెప్పాలి. పెట్టెలోంచి తీసిన ఎర సరిగ్గా పాడదు. తెలిసినవాడు చిన్న పటకారుతో ఒక రెక్కను వెంట్రుకవాసి మెలిపెట్టి, నోటితో ఊది చూస్తాడు. ఊపిరికే గిర్రున తిరగాలి. తిరక్కపోతే మళ్లీ మెలి. కంపెనీ కొక్కేలు విప్పేసి లావు తీగవి వేస్తాడు, రింగులు కూడా మారుస్తాడు. ఎందుకంటే ఈ చేప దెబ్బకు మామూలు కొక్కెం తిన్నగా సాగిపోయి తిరిగొస్తుంది. చేప ఎరను కొట్టి తప్పిపోయిందనుకోండి, పడవలో రెండోవాడు అదే చోట జింక తోక వెంట్రుకలతో కట్టిన జిగ్ అనే ఎర వేస్తాడు. కోపం చల్లారని చేప దాన్ని వదలదు. మొదటివాడు మాత్రం ఎర మాయమైందని ఉలిక్కిపడి గుంజకూడదు. బరువు చేతికి తెలిసేదాకా ఆగాలి. చెప్పడం తేలిక!

ఇక ఈక ఎర, అంటే ఫ్లై. నా పక్షపాతమంతా ఇక్కడే. చెక్క ఎరకు దాని బరువే దాన్ని మోసుకుపోతుంది. ఫ్లైకి బరువుండదు, దూరం పోవాలంటే దారాన్నే విసరాలి. తొమ్మిదడుగుల కర్ర, ఎనిమిదో తొమ్మిదో నంబరు లైన్. ఎడమచేత్తో దారాన్ని ముందుకోసారి వెనక్కోసారి లాగుతూ దానికి ఊపు పోస్తారు. ఎండకు మెత్తబడిపోని లైన్ కావాలి, దాని చివర నలభై యాభై పౌన్ల బరువు తట్టుకునే నైలాన్. ట్రౌట్ పట్టేవాడు చేప కొట్టగానే కర్ర పైకెత్తుతాడు. ఇక్కడ అలా ఎత్తినవాడికి చేప దక్కదు. కర్రను నేరుగా చేపవైపే ఉంచి, చేత్తో దారాన్ని బిగించి వెనక్కి లాగాలి. తర్వాత అది మునిగిన చెట్లలోకి దౌడు తీస్తే, తడి దారం చూపుడువేలిని కోసుకుంటూ పోతుంది. అందుకే వేలికి గుడ్డ తొడుగు వేసుకుంటారు.

ఫ్లైలు కట్టిన మహానుభావుల్లో ముందు లెఫ్టీ క్రే పేరు చెప్పాలి. 1950ల చివర చీసపీక్ అఖాతంలో వేరే చేప కోసం ఆయన కట్టిన డిసీవర్ అనే ఫ్లై ఇప్పటికీ ప్రతి పెట్టెలో ఉంటుంది. ఆయనకు రెండు బాధలు: పొడవాటి ఈకలు విసురులో కొక్కేనికి చుట్టుకుపోవడం, నీళ్లు పీల్చి బరువెక్కడం. ఈకలను జతలుగా కొక్కెం వెనకే, వంపు లోపలికి తిరిగేలా కట్టాడు. తల చుట్టూ జింక వెంట్రుకల పట్టీ వేశాడు. చుట్టుకోవడం పోయింది. నీళ్లలో నిండుగా చిన్నచేపలా కనిపిస్తుంది, గాల్లోకి లేస్తే నీరంతా వదిలేసి సన్నబడుతుంది. ఇంతకన్నా తెలివైన పని ఇంకేముంది? 1991లో అమెరికా తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్ల వేసింది. బాబ్ క్లౌజర్ కట్టిన మిన్నో, సీసపు కళ్లతో తలకిందులుగా నడుస్తుంది, మొద్దుల మధ్య చిక్కుకోదు. లారీ డాల్‌బర్గ్ డైవర్ బుడుంగుమని మునిగి తేలుతుంది. ఈ కట్టేవాళ్ల పెట్టెల్లో మన దేశపు కోడిపుంజుల మెడ ఈకలు కూడా తరచూ కనిపిస్తాయి. మనకు ఆ గర్వమైనా మిగలనివ్వండి.

కానీ అసలు ఘనులు పడవ వెనక నిలబడే నదీతీరపు గైడులు. ఆకుల పసరు దిగి నల్లబడిన రియో నెగ్రోలో, నీటి మీద వణుకుతున్న చిన్న మరక చూసి ‘పిల్లలు’ అని చెప్పేయగలరు. మన కొర్రమీను తన పిల్లల గుంపును వెన్నంటి కాచినట్టే ఇవి కూడా కాస్తాయి. ఆ గుంపు కింద తల్లీతండ్రీ ఉంటాయి, ఎరను తినడానికి కాదు, తరిమి చంపడానికి వస్తాయి. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నది దిగేటప్పుడే ఈ అవకాశం. నీరు పెరిగితే చేపలన్నీ అడవిలోకి పోతాయి. మరి ఆ కాపలా చేపను పట్టి, తూచి, పది ఫొటోలు దిగేలోపు పిల్లల్ని పిరాన్హాలు తినిపోతే? పట్టినచోటే వెంటనే వదలనివాడిని పడవ ఎక్కించుకోకూడదు.

ఇప్పుడు వస్తున్న సరుకు చూస్తే కడుపు మండిపోతుంది. చూపుకు వుడ్‌చాపర్లే, లోపల డొల్ల ప్లాస్టిక్. పంకా తిరగదు, కొక్కెం వేలితో వంచితే వంగుతుంది, ఒక్క చేప పంటి గీతకే రంగు ఊడుతుంది. థాయ్‌లాండ్‌లో టికెట్ పెట్టి గుంటల్లో పెంచిన పీకాక్ బాస్‌ని పట్టిస్తున్నారు. దాన్నీ వేటే అంటున్నారు! ఇవి చాలవన్నట్టు ఈ చేపను కనపడ్డ నీళ్లన్నిట్లో వదలాలనే పిచ్చి ఒకటి. ఫ్లోరిడాలో 1984లో ప్రభుత్వమే, శాస్త్రజ్ఞుడు పాల్ షాఫ్లాండ్ ఆధ్వర్యంలో, పరాయి తిలాపియాలను తినడానికి మయామీ కాలువల్లో వదిలింది. అక్కడ చలికి ఉత్తరానికి పాకలేదు. 2010 జనవరి చలికి కుప్పలుగా చచ్చాయి కూడా. కాబట్టి సరిపోయింది. అక్కడి మన తెలుగు కుర్రాళ్లు సాయంత్రం కాలువగట్టున ఫ్లై విసరొచ్చు, అదృష్టవంతులు. పనామాలోని గటూన్ సరస్సులో అలా కుదరలేదు. 1960లలో చెరువులోంచి తప్పించుకున్న చేపలు అక్కడి స్థానిక చేపల్ని దాదాపు తుడిచేశాయని శాస్త్రజ్ఞులు జారెట్, పెయిన్ 1973లోనే రాశారు. అక్వేరియంలో పెరిగి పెద్దదైందని మన గోదావరిలోనో చెరువులోనో వదలబోయేవాళ్లకు చేతులెత్తి దండం పెడుతున్నా, ఆ పని చేయకండి.

పుట్టింట్లో మాత్రం దీనికి సుఖముందా? 2023లో రియో నెగ్రో మనౌస్ నగరం దగ్గర నూరేళ్ల లెక్కల్లో ఎన్నడూ లేనంత పడిపోయింది, 2024లో దానికన్నా కిందికి దిగింది. నీరు తగ్గి మడుగుల్లో ఇరుక్కున్న చేపల మీదికి పడవలన్నీ ఎగబడతాయి. బ్రెజిల్‌లోని మారియే నది ఆదివాసీలు తమ నీళ్లలో ఫ్లై వేటకే చోటిచ్చారు, వాళ్లకు నా జోహార్లు. మిగతావాళ్లు కనీసం కొక్కెం ముల్లును పటకారుతో నొక్కేయండి. సన్నదారం వేసి, గొప్పకోసం గంటసేపు చేపను అలసగొట్టకండి. అలసిన చేపను వదిలారా, పడవ వెనకే కాచుకున్న గులాబీ డాల్ఫిన్ నోట్లో పెట్టినట్టే. డాల్ఫిన్ కనిపిస్తే మాత్రం చేపను పడవలో నీళ్లతొట్టిలో వేసుకుని, పొదలున్న లోతులేని చోటికి తీసుకెళ్లి, తనంతట తాను తోక విదిలించి పోయేదాకా పట్టుకుని వదలండి.