బంతి నందించు విద్య

అర్విదాస్ సబోనిస్ పేరు చెప్పినంతనే బాస్కెట్‌బాల్ నెఱిగినవారు మొట్టమొదట నిట్టూర్చెదరు. ఆ కాళ్లు చెడకుండినచో, ఆతని దేశపు సరిహద్దులు పది సంవత్సరములు ముందుగా తెఱచుకొనియుండినచో, అమెరికా వారి ఎన్‌బీఏకు ముప్పదియవ యేట గాక ఇరువది రెండవ యేటనే పోయియుండినచో, ఇంతటి సెంటర్ లోకమున మఱియొకడు లేడని అందఱును ఒప్పుకొనియుందురని వారి వాదము. ఈ 'ఉండినచో'ల దండకమును నేను చాలకాలముగా వినుచున్నాను గాని నాకెన్నడును రుచింపలేదు. జరుగని ఆటను తలచుకొని దుఃఖించువానికి, జరిగిన ఆట కన్నుల యెదుటనే యుండియు కనబడకపోవును. ఆతని క్రీడలో నన్ను ఇన్నేండ్లుగా పట్టి నిలిపినది ఎగురుట కాదు, పరుగు కాదు, వలలో బంతి వేయుటయు కాదు. బంతిని మఱియొకని చేతికి అందించుట. ఆ విద్య కాళ్లతో వచ్చినది కాదు గనుక కాళ్లతో పోనులేదు.

సబోనిస్ 1964 డిసెంబరు 19వ తేదీన లిథువేనియాలోని కౌనాస్ నగరమున జన్మించెను. ఆ నగరమునకు ఈ క్రీడతో గల సంబంధము వినోదమాత్రమైనది కాదు. 1937లో రీగా నగరమున జరిగిన యూరప్ ఛాంపియన్‌షిప్పును లిథువేనియా గెలిచెను. మఱి రెండేండ్లకు ఆ పోటీని కౌనాస్‌లోనే జరుపుటకై క్రొత్తగా ఒక క్రీడాభవనమును నిర్మించి, అందు మరల గెలిచెను. 1936 బెర్లిన్ ఒలింపిక్సులో అమెరికా పక్షమున స్వర్ణపతకము నందుకొన్న ఫ్రాంక్ లూబిన్, తన పూర్వుల దేశమునకు వచ్చి ఆ 1939 జట్టులో ఆడినవాడే. ఆ విజయము జరిగి ఏడాది దాటిన కొలదికాలమునకే, 1940లో, సోవియట్ సేనలు దేశమున ప్రవేశించినవి. పతాకము పోయినది, నాణెము పోయినది, దేశపటమున గీత పోయినది. క్రీడాభవనము మాత్రము మిగిలినది. ఆటను మాత్రమే మిగుల్చుకొన్న జాతి ఆ ఆటను ఎట్లు చూచునో ఊహించుట కష్టము కాదు.

అందుచేతనే కౌనాస్ నగరపు జల్గిరిస్ జట్టునకును, మాస్కో నగరపు సెస్కా జట్టునకును 1980 దశకమున జరిగిన పోటీలను క్రీడావార్తలుగా మాత్రమే చదువుట సాధ్యము కాదు. జల్గిరిస్ అనునది 1410లో లిథువేనియా, పోలండ్ సేనలు కలిసి ట్యూటానిక్ వీరులను ఓడించిన యుద్ధమునకు లిథువేనియనులు పెట్టుకొన్న పేరు. సెస్కా అన్ననో ఎఱ్ఱసైన్యపు జట్టు. నిర్బంధ సైనికసేవ పేర దేశము నలుమూలల నుండి మంచి ఆటగాండ్రను తన గూటికి రప్పించుకొనగల సౌకర్యము దానికి కలదు. వ్లాదాస్ గరాస్తాస్ శిక్షణలో జల్గిరిస్, ఆ సైన్యపు జట్టును వెనుకకు నెట్టి, 1985, 1986, 1987 సంవత్సరములలో వరుసగా మూడుమాఱులు సోవియట్ ఛాంపియనుగా నిలిచెను. వీథిలో పాడరాని పాటను, ఎత్తరాని జెండాను గూర్చి నోరు మెదపలేని ప్రజలకు, క్రీడాభవనములో మాత్రము గొంతెత్తి అఱచుటకు ఎవరి అనుమతియు కోరవలసిన పని లేకుండెను. ఆ కేకల నడుమ నిలుచున్న ఏడడుగుల మూడంగుళముల యువకుడు సబోనిస్.

ఇక నేను చెప్పదలచిన విద్యను దగ్గఱగా చూతము. ఆతని ఆటలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమున వేగమన్నదే లేదు. ఫ్రీ త్రో గీత కడ, బోర్డునకు సుమారు 4.6 మీటర్ల దూరమున, వలకు వీపు పెట్టి నిలుచును. గార్డు విసరిన బంతిని అందుకొని తల మీదికి ఎత్తి పట్టును. 221 సెంటీమీటర్ల మనిషి చేతులెత్తినచో బంతి ఇంచుమించు రింగు ఎత్తునకు పోవును. వెనుకనున్న ప్రత్యర్థి దానిని తాకవలెనన్న ఎగురవలెను, ఎగిరినవాడు నేలకు దిగువఱకు ఆటలో లేనివానితో సమానము. కనుక వాడు ఎగురడు. బంతి అట్లే పైన నిలిచియుండును. ఈలోపల ప్రక్కనున్న సహచరుడొకడు బంతి కొఱకు ముందుకు వచ్చుచున్నట్లు రెండడుగులు వేయును. వానిని కాచువాడు త్రోవ కడ్డుపడుటకు తొందరపడును. ఆ తొందరలో బరువంతయు ముందరి పాదము మీదికి వచ్చిన క్షణముననే సహచరుడు వెనుదిరిగి వలవైపునకు దూసికొనిపోవును. సబోనిస్ అటు చూడడు. చూపు ఎదుటి గార్డు మీదనే యుండగా, మణికట్లు మాత్రము భుజము మీదుగా వెనుకకు వంగును. పరుగెత్తువాడు మఱి రెండడుగులలో ఎచ్చట నుండునో అచ్చటికి, వాని ఱొమ్ము ఎత్తునకు, బంతి వచ్చియుండును. అందుకొనువాడు అడుగు మార్చుకొన నక్కఱలేదు, చేయి చాప నక్కఱలేదు. అవధాని యొక పృచ్ఛకునకు పద్యపాదము చెప్పుచునే, వెనుక మ్రోగిన గంటల లెక్కను మనస్సున నిలుపుకొనునట్లు, ఈతడు ఎదుటివానితో కన్నులు కలిపియే వెనుకనున్న ముగ్గురి నడకలను లెక్కించుకొనుచుండెను.

అయితే అందించువాడొక్కడే యున్నచో విద్య సాగదు, అందుకొనువారును కావలెను. వాల్దెమారస్ ఖోమిచ్యుస్, రిమాస్ కుర్తినైతిస్ వంటివారు చుట్టును తిరుగుచుండిరి. దూరమునుండి గుఱి తప్పని కుర్తినైతిస్‌ను వదలి ఎవరును సబోనిస్ మీదికి రెండవ కావలివాడుగా రాజాలరు. రానిచో సబోనిస్‌ను ఒక్కడు ఆపజాలడు. పొడగరిని రింగు క్రింద నిలువబెట్టి రీబౌండులకు మాత్రమే వాడుకొను అలవాటు ప్రపంచమంతట ఉన్న కాలమున, పొడుగును వలకు దూరముగా తీసికొనిపోయి దానికి చూపును జతచేసినప్పుడు ఎదుటి జట్టు వ్యూహమంతయు ఎట్లు విచ్ఛిన్నమగునో ఆ జట్టు చూపినది.

యౌవనమున ఆతనికి కాళ్లును కలవు. పదునేడేండ్ల వయస్సున 1982 ప్రపంచ ఛాంపియన్‌షిప్పులో సోవియట్ జట్టుతో స్వర్ణపతకము నందుకొనెను. 1986లో మాడ్రిడ్ నగరమున యుగోస్లావియాతో జరిగిన అదే పోటీ సెమీఫైనలులో, ఒక నిమిషము కూడ మిగులని వేళ తొమ్మిది పాయింట్లు వెనుకబడియున్న సోవియట్ జట్టు, వరుసగా మూడు మూడుపాయింట్ల బుట్టలు వేసి సరిచేసికొని, అదనపు కాలమున 91–90తో గెలిచెను. ఆ మూడింటిలో మొదటిది సబోనిస్ వేసినది. మూడు పాయింట్ల గీత అంతర్జాతీయ నియమములలోనికి వచ్చి అప్పటికి రెండేండ్లే. ఆ గీత కావల నిలుచుట పొట్టివారి పని యని తలచు దినములవి.

పిమ్మట కాలు తెగినది. పిక్కకండరమును మడమకు కట్టియుంచు స్నాయువునే వైద్యులు అకిలీస్ టెండన్ అందురు. మనిషి నేలను వెనుకకు త్రోసి పైకి లేచుట దాని మీదనే యాధారపడియుండును. 1987లో తెగిన ఆ స్నాయువు మానకముందే మరల తెగెను. సంవత్సరముల తరబడి విశ్రాంతి లేక జట్టు కొఱకును, దేశము కొఱకును ఆడించిన ఫలితమని కొందఱందురు. నాకును అది నమ్మదగినదిగానే తోచుచున్నది. పోర్ట్‌లాండ్ ట్రైల్ బ్లేజర్స్ జట్టు 1986లోనే ఇరువది నాల్గవ ఎంపికగా ఆతని పేరు తన పట్టికలో వ్రాసికొనియుండెను గాని సోవియట్ ప్రభుత్వము పోనీయలేదు. చికిత్సకు మాత్రము 1988లో పోనిచ్చిరి. ఆతడు పోర్ట్‌లాండ్‌లో ఆ జట్టు వైద్యుల పర్యవేక్షణమున కాలు బాగుచేయించుకొని, ఆ కాలితోనే సియోల్ ఒలింపిక్సునకు పోయి, డేవిడ్ రాబిన్సన్ ఉన్న అమెరికా జట్టును సెమీఫైనలులో 82–76తో ఓడించినవారిలో ఒకడయ్యెను. అమెరికా వారికి ఇది ఎంత చేదుగా నుండెనో చెప్ప నక్కఱలేదు. ఆ స్వర్ణపతకమును సోవియట్ యూనియన్ తనదని చాటుకొనెను. అలెగ్జాండర్ గొమెల్‌స్కీ నడపిన ఆ జట్టున సబోనిస్, శరూనాస్ మార్చుల్యోనిస్, కుర్తినైతిస్, ఖోమిచ్యుస్ అను నలుగురును లిథువేనియనులు. కౌనాస్ వారు ఆ పతకమును వేఱు విధముగా లెక్కించుకొనిరి.

1989లో ద్వారములు తెఱచుకొన్నవి. ఆతడు నేరుగా అమెరికాకు పోలేదు. స్పెయినులోని వయదోలిద్ నగరమునకు పోయి మూడేండ్లును, రియల్ మాడ్రిడ్‌లో మూడేండ్లును ఆడెను. నిట్టూర్పుల వారు ఈ ఆరేండ్లను వృథాకాలముగా చెప్పుట నాకు ఆశ్చర్యము. కాలి మీద నమ్మకము తగ్గినవాడు తన ఆటను పునాది నుండి మరల కట్టుకొన్నది ఈ ఆరేండ్లలోనే. మాడ్రిడ్‌తో రెండు లీగు పట్టములు గెలిచెను. 1995లో జెల్కో ఒబ్రదోవిచ్ శిక్షణలో, జరగోజా నగరమున, గ్రీకుల ఒలింపియాకోస్‌ను 73–61తో ఓడించి యూరప్ కిరీటము నందుకొని, ఆ పోటీలో ఉత్తమ క్రీడాకారుడనిపించుకొనెను. పదేండ్ల క్రిందటి ఎగురుటలు అందు లేవు. నిలిచిన చోటు సరియైనదగుటచే ఎగురవలసిన యవసరమే తగ్గినది.

నడుమ 1992 బార్సిలోనా ఒలింపిక్సును విడిచి ముందుకు పోలేను. స్వతంత్ర లిథువేనియా జట్టునకు ఖర్చులకు డబ్బు లేదు. మార్చుల్యోనిస్ అమెరికాలో చందాలు కూడగట్టుచుండగా, గ్రేట్‌ఫుల్ డెడ్ అను రాక్ సంగీతబృందము సాయము చేసి, పసుపుపచ్చ, ఆకుపచ్చ, ఎఱుపు రంగులు కలగలిపిన చొక్కాలను పంపెను. వాని మీద బంతిని వలలో వేయుచున్న యొక యస్థిపంజరపు బొమ్మ. సెమీఫైనలులో అమెరికా వృత్తిక్రీడాకారులు 127–76తో చిత్తు చేసిరి. కాంస్యము కొఱకు ఎదురు నిలిచినది, విధివిలాసమన్నట్లు, పూర్వపు సోవియట్ దేశముల ఉమ్మడి జట్టు. 82–78తో గెలిచి, ఆ యస్థిపంజరముల చొక్కాలు తొడుగుకొనియే పతకమును స్వీకరించిరి. నాలుగేండ్ల క్రిందటి బంగారము కంటె ఆ కంచు తమకు ప్రియమని ఆ జట్టువారు పలుమాఱులు చెప్పియున్నారు.

తుదకు 1995లో, ముప్పదియొకటవ యేటికి సమీపించుచుండగా, పోర్ట్‌లాండ్ చేరెను. అప్పటి జనరల్ మేనేజరు బాబ్ విట్సిట్ చెప్పిన ముచ్చట యొకటి ప్రసిద్ధము. ఆటగాని ఎక్స్‌రేలను చూచిన వైద్యుడు, ఈ చిత్రము చూపిన చాలును, వికలాంగులకు కేటాయించిన పార్కింగు స్థలము దొరకునని అన్నాడట. అట్టి కాళ్లతో మొదటి యేట ఆటకు 24 నిమిషములు మాత్రమే ఆడి, 14.5 పాయింట్లు, 8.1 రీబౌండులు సగటున సంపాదించెను; ఆ సంవత్సరపు క్రొత్త ఆటగాండ్ర యెన్నికలో రెండవ స్థానము వచ్చెను. పదునాలుగేండ్లు ఆడి అలసిన మనిషిని క్రొత్తవాడుగా లెక్కించుట లోని హాస్యమును ఆతడు కూడ అనుభవించియే యుండును. ఏడు సీజనులలో 470 ఆటలాడెను. 2000లో లేకర్స్ జట్టుతో జరిగిన పోటీపరంపర చివరిదైన ఏడవ ఆటలో, చివరి భాగమున పదునైదు పాయింట్ల ఆధిక్యము కరగిపోవుట చూచినవాడాతడు. ఆ జట్టు సెంటర్ షకీల్ ఓనీల్ బరువును ఆ రాత్రి మోసినవాడును ప్రధానముగా ఆతడే.

ఆ ఏడు సీజనుల సగటు అసిస్టులు ఆటకు 2.1. నా యభిప్రాయమున ఈ క్రీడ లెక్కలలో ఇంతటి అన్యాయపు అంకె తక్కువ. అందుకొన్నవాడు బుట్ట వేసిననే అందించినవానికి అసిస్టు వ్రాయుదురు; వేయనిచో, ఎంత చక్కని పాసైనను లెక్కలో సున్న. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. ఆ కాలపు ఎన్‌బీఏలో సెంటర్‌ను వలయొద్ద నిలిపి, వానికి బంతి నిచ్చి, తక్కినవారు తొలగి చూచుచుండుటయే వాడుక. ఎదుటివాని కదలిక మీద జీవించు కన్నులు గలవాని ముందు కదలనివారిని నిలుపుట యెట్టి వ్యయమో ఆ కోచ్‌లకు తెలియదని నేననను. తెలిసియు, ఉన్న జట్టుతో ఉన్న ఆట ఆడించిరి.

2003లో ఆతడు కౌనాస్‌కు, జల్గిరిస్‌కు మరలివచ్చి, ముప్పది తొమ్మిదవ యేట యూరోలీగ్‌లో లీగు దశకును, తరువాతి పదునాఱు జట్ల దశకును ఉత్తమ క్రీడాకారుడని ఎన్నికయ్యెను. పరుగు అప్పటికి దాదాపు నడకగా మాఱియుండెను. చుట్టును మరల పరుగెత్తువారు మాత్రము ఉండిరి.

నేడు ఆతని కుమారుడు డొమాంతాస్, 1996లో పోర్ట్‌లాండ్‌లోనే పుట్టినవాడు, అదే ఫ్రీ త్రో గీత కడ నిలిచి అదే వృత్తి చేయుచున్నాడు. 2023–24లో శాక్రమెంటో పక్షమున ఆటకు 8.2 అసిస్టులు. తండ్రి 2.1, కొడుకు 8.2 అని ప్రక్కప్రక్కన వ్రాసి కొడుకే మేటి యనుటకు నాకు నోరు రాదు. కొడుకు జట్టులో ఆట యంతయు అతని చేతుల మీదుగా సాగునట్లు అమర్చిరి. తండ్రికి అట్టి అమరిక కౌనాస్, మాడ్రిడ్ నగరములలో తప్ప దొరకలేదు. కావున ఆతని పాసులను చూడగోరువారు పోర్ట్‌లాండ్ దృశ్యములను కొంతకాలము ప్రక్కన బెట్టి, ఆ 1995 జరగోజా ఫైనలును సంపాదించి చూడవలెను. చూచునపుడు సబోనిస్ చేతుల వైపు కూడ చూడ నక్కఱలేదు; మాడ్రిడ్ జట్టులో ఆతని సహచరుడైన జో ఆర్లౌకాస్ ఎప్పుడు కదలనారంభించునో గమనించిన చాలును, బంతిని తరువాత చూచుకొనవచ్చును.