ఎక్కడ దిగారు, ఏం తిన్నారు?

పండక్కి పిల్లలు ఇళ్ళకొస్తారు. వచ్చిన గంటలోపే మన ప్రశ్నలన్నీ అడిగేస్తాం, వాళ్ళ జవాబులన్నీ అయిపోతాయి. ఉద్యోగం ఎలా ఉంది? బానే ఉంది. టైముకి తింటున్నావా? ఆఁ. ఫ్రెండ్సెలా ఉన్నారు? ఉన్నారు. మొన్నెక్కడికో వెళ్ళారట? హంపీ. ఎలా ఉంది? సూపర్. ఆ తర్వాత వాళ్ళు ఫోన్లోకి, మనం వంటింట్లోకి. సాయంత్రం పక్కింటావిడతో ఒకటే మొర: "ఈ కాలం పిల్లలు ఏదీ చెప్పరండీ, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టే!"

ఈ మొరతో నాకు పేచీ ఉంది. పిల్లలకి చెప్పాలనే ఉంటుంది. కాకపోతే మనం అడిగేవి పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ అడిగే ప్రశ్నలు. హాల్ టికెట్ తెచ్చావా, పెన్ను తెచ్చావా. వాటికి కథలు చెప్పరు ఎవరూ. "ఎలా ఉంది" అంటే "బాగుంది" అనక ఏమంటారు? పాతికేళ్ళ మనిషిని గడిచిన ఏడాదినంతా రెండు ముక్కల్లో తేల్చమంటున్నాం మనం. అడిగేవాళ్ళకి ఓపిక లేనప్పుడు చెప్పేవాళ్ళకి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కబుర్లు అడిగే విద్యలో నాకు గురువు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా చేసినవాడు. 1830 మే 18న బయల్దేరి కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. వెళ్ళేటప్పుడు తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు దారి. వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ మీదుగా మన తీరం వెంబడే దిగొచ్చాడు. ఆ విశేషాలన్నీ కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె అనే స్నేహితుడికి రాస్తూ వచ్చాడు. ఆ స్నేహితుడే 1838లో వాటిని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించాడు. అప్పటికి వీరాస్వామయ్య లేడు. తెలుగు యాత్రాచరిత్రల్లో దానికే పెద్దపీట వేస్తారు. అది ఒక స్నేహితుడి కబుర్ల కట్ట అన్న సంగతి మాత్రం మర్చిపోతారు.

ఆ పుస్తకం తెరిస్తే కాశీ వెళుతున్న మనిషి భక్తితో మైమరిచిపోతూ కనిపిస్తాడేమో అనుకుంటాం. ఆయన చూపంతా నేలమీదే. ఈ మజిలీలో నీళ్ళు ఎలాంటివి, దిగడానికి వసతి ఉందా, అంగళ్ళలో ఏ సరుకు దొరుకుతుంది, దారి రాళ్ళదా, ఇసుకా, ఏరు ఎలా దాటాం. ఊరి తర్వాత ఊరు ఇదే వరస. చదవగా చదవగా ఆ నీళ్ళల్లోంచి, ఆ అంగళ్ళల్లోంచి మనిషి బయటికొస్తాడు. ఎక్కడ విసుక్కున్నాడో, ఎక్కడ కుదుటపడ్డాడో, దేశం గురించి ఏమనుకున్నాడో వాటంతటవే తెలిసిపోతాయి. శ్రీనివాస పిళ్ళె "మీ మనసెలా ఉంది" అని అడిగి ఉంటే ఆ పుస్తకం పుట్టేది కాదని నా గట్టి నమ్మకం.

మా అక్క కూతురు బెంగళూరులో ఓ డిజైన్ కంపెనీలో పనిచేస్తుంది. ఈసారి సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ళ అమ్మకి దొరికినవి పైన రాసిన జవాబులే. నేను తొందరపడలేదు. అరిసెలు వండే రోజు కోసం చూశాను.

మా ఇంట్లో అరిసెలు ముగ్గురి పని. పాకం అక్కది. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే కరిగిపోకుండా ఉండ కట్టాలి. అది చూసి తడిపిండి పోసి కలియబెట్టేదాకా ఆవిడ ఎవర్నీ మాట్లాడనివ్వదు. అదయ్యాక చేతులు కడుక్కుని బయటికెళ్ళిపోతుంది. అరిటాకు మీద నువ్వులద్ది ఒత్తి నూనెలో వెయ్యడం నా వంతు. తేలిన అరిసెని తీసి చెక్కల మధ్య పెట్టి నూనె కారేట్టు నొక్కడం చిన్నదాని వంతు. ఎవరి చూపు వాళ్ళ పనిమీదే ఉంటుంది. మొహంలోకి మొహం పెట్టి చూసేవాళ్ళు లేనప్పుడు మాట దానంతటదే జారుతుంది. కారు ముందు సీట్లలో కూర్చున్నప్పుడూ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నప్పుడూ ఇంతే. సోఫాలో ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఊఁ, ఇంకేంటి విశేషాలు" అన్నామా, పని చెడిపోయినట్టే.

"హంపీకి ఏ రైలు పట్టుకున్నారే?" అన్నాను.

"హంపీ ఎక్స్‌ప్రెస్సే పిన్నీ, రాత్రి ఎక్కితే పొద్దున్నకి హోస్పేట."

"గుంతకల్లు మీదే కదా? టీ తాగారా?"

అంతే, తలుపు తెరుచుకుంది. కర్నూలు కుర్రాడొకడు ఉన్నాట్ట వాళ్ళ గుంపులో. తెల్లారకముందే గుంతకల్లులో దిగి ఐదుగురికీ టీలు పట్టుకుని, రైలు కదిలేదాకా ఆ టీకొట్టాయనతో రాయలసీమ యాసలో ముచ్చట్లు పెట్టాట్ట. వీళ్ళు తలుపు దగ్గర నిలబడి కేకలు. "వాడికి బెంగళూరులో మాట్లాడ్డానికి ఎవరూ దొరకరు పిన్నీ, అందుకే ఆ మొహం వెలిగిపోయింది" అంది అరిసె నొక్కుతూ. "ఫ్రెండ్సెలా ఉన్నారు" అని పది సార్లు అడిగినా ఈ వాక్యం రాదు.

అక్కణ్ణుంచి వరసగా వచ్చేశాయి. ఎక్కడ దిగారంటే నది అవతల, ఆనెగొంది వైపు. ఎవరో సీనియర్లు విరుపాపుర గడ్డలో గుడిసెల హోటళ్ళు బాగుంటాయని చెప్పార్ట. తీరా చూస్తే వాటిని 2020లోనే, సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూల్చేశారు. విఠలాలయం దగ్గర రాతిరథం ముందు నిలబడి, యాభై నోటు పక్కన పెట్టి ఫొటో తీద్దామనుకున్నార్ట. 2017లో వచ్చిన కొత్త యాభై మీద ఆ రథమే కదా ఉంది. ఐదుగురి జేబులూ వెతికితే ఒక్క నోటు లేదు. అందరివీ ఫోన్‌పేలే. చివరికి కొబ్బరిబోండాలమ్మే ఆయన తన గల్లాలోంచి నోటు తీసి, "ఫొటో అయ్యాక ఇచ్చేయండి" అని అరువిచ్చాట్ట. ఆయన కన్నడంలో ఏమన్నాడో అభినయించి మరీ చూపించింది. చేతిలో అరిసె చెక్క మీదే ఉండిపోయి గట్టిపడింది. నేనేమీ అనలేదు.

విరూపాక్షాలయం సంగతి చెప్పేటప్పుడు మాత్రం నొక్కడం పూర్తిగా ఆపేసింది. గుడి వెనక భాగంలో ఓ చీకటి మంటపం ఉంటుంది. గోడలో చిన్న కన్నం. ఆ కన్నంలోంచి వచ్చే వెలుతురుకి ఎదురుగోడ మీద తూర్పు గోపురం తలకిందులుగా పడుతుంది. తొమ్మిది అంతస్తుల గోపురం, కలశాలు నేలవైపూ, పాదం ఆకాశంవైపూ. గైడు మహిమ అన్నాట్ట. కర్నూలు కుర్రాడికి కెమెరాల పిచ్చి. సంచిలోంచి తెల్లచొక్కా తీసి గోడకీ కన్నానికీ మధ్య తెరలా పట్టాడు. కన్నం దగ్గరికి జరిపిన కొద్దీ గోపురం చిన్నదై వెలుగు పెరిగింది, గోడవైపు జరిపితే పెద్దదై మసకబారింది. "మనం చదువుకున్న పిన్‌హోల్ కెమెరానే పిన్నీ! ఎనిమిదో క్లాసులో అట్టపెట్టెతో చెయ్యమంటే నాన్నచేత చేయించుకున్నానే, అదే!" చూడ్డానికొచ్చిన ముసలావిడ ఒకామె చొక్కా మీద పడిన గోపురానికే దణ్ణం పెట్టిందట. వాడు చొక్కా కిందికి దించలేక, చేతులు నొప్పి పెడుతున్నా ఆవిడ కళ్ళు తెరిచేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాట్ట.

ఆ కుర్రాడు ఎలాంటివాడో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఈ పిల్లల స్నేహాల్లో లెక్కలు పక్కాగా ఉంటాయి. స్ప్లిట్‌వైజ్ అని ఓ యాప్. ఆటో ఎవరిచ్చారు, ఇడ్లీ ఎవరిచ్చారు అన్నీ అందులో ఎక్కుతాయి, చివర్లో ఎవరు ఎవరికి ఎంతో అదే తేలుస్తుంది. మా తరానికి ఇది చూస్తే ఒళ్ళు మండుతుంది, స్నేహంలో లెక్కలేమిటని. నాకేమో ఆ పద్ధతి నచ్చింది. మా రోజుల్లో లెక్క లేదంటే అర్థం ఎప్పుడూ ఒక్కరే పెట్టుకుంటారని. ఆ ఒక్కరు పైకి నవ్వుతూ లోపల గుర్తుపెట్టుకునేవారు. లెక్క రాసినచోట, రాయకుండా వదిలేసినవి కూడా తెలుస్తాయి. హంపీలో మాతంగ కొండ దిగేటప్పుడు వాళ్ళ గుంపులోని దీమాపూర్ అమ్మాయి చెప్పు తెగిపోతే, కిందికొచ్చాక మావాళ్ళు కొత్త జత కొనిచ్చార్ట. "అది యాప్‌లో ఎక్కించలేదులే" అంది చిన్నది, అదేదో తప్పు చేసినట్టు.

ఆ దీమాపూర్ అమ్మాయీ, ఇదీ ఒకే ఫ్లాట్‌లో ఉంటారు. ఆ పిల్ల ఊరినుంచి ఆఖునీ తెచ్చుకుంటుంది. నాగాలాండ్‌లో సోయా గింజల్ని పులియబెట్టి చేస్తారు, వాసన వీధి చివరిదాకా కొడుతుందట. మనది కాకినాడ ఎండు రొయ్యల ఇల్లు, మనమేం తక్కువ తినలేదు. అందుకని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు: రొయ్యలు వేయించేదీ, ఆఖునీ వండేదీ ఒకే ఆదివారం. పక్క ఫ్లాట్ వాళ్ళు రెండుసార్లు కాకుండా ఒక్కసారే ముక్కు మూసుకుంటారని. వంటయ్యాక కంచాలు మార్చుకుంటార్ట. మా అక్క దాచి పంపిన రొయ్యల పొడి ఆర్నెల్లు రావాల్సింది మూణ్ణెల్లకే ఎందుకు అయిపోతోందో అప్పుడు తెలిసింది నాకు. అక్కకి చెప్పలేదు.

అసలు పిన్ని అన్న పదవికి ఉన్న విలువంతా ఆ చెప్పకపోవడంలోనే ఉంది. అమ్మకి తెలిస్తే దిగులు, నాన్నకి తెలిస్తే ఉపన్యాసం. పిన్నికి తెలిస్తే అక్కడితో ఆగాలి. విన్న కబురు ఫ్యామిలీ గ్రూపులోకి ఎక్కిందా, మరుసటి పండక్కి మనకి దొరికేదీ "బానే ఉంది" ఒక్కటే. ఇన్‌స్టాలో పెట్టిన స్టోరీ ఇరవై నాలుగు గంటల్లో మాయమవుతుంది. చుట్టాల నోట్లో పడింది మాత్రం పెళ్ళిచూపుల దాకా బతికే ఉంటుంది.

అడక్కూడనివి కూడా ఉంటాయి. మూడేళ్ళుగా దీని ప్రతి మాటలోనూ ఒక పేరు వినిపించేది. ఇంటర్ నుంచీ ఉన్న స్నేహితురాలు, అదీ ఇదీ ఒక కంచం ఒక మంచం. ఈసారి రైల్లో ఆ పేరు లేదు, కొండమీద లేదు, ఫ్లాట్‌లో లేదు. ఒకసారి వాక్యం ఆ పేరు దాకా వచ్చి పక్కకి తిరిగింది కూడా. "అదేదీ, రాలేదా?" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి ఇంకో అరిసె ఒత్తాను. ఆ వయసులో ప్రేమ పోతే ఓదార్చడానికి పాటలున్నాయి, సినిమాలున్నాయి, పదిమంది చుట్టూ చేరతారు. స్నేహం పోతే ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలీదు. వీరాస్వామయ్య ప్రశ్నలు ఇక్కడ పనికిరావు. చెబితే వింటాను. ఇంతవరకూ చెప్పలేదు.

ఇంకో మాట, పెద్దవాళ్ళం అసలు పట్టించుకోనిది. అడగడమే తప్ప మనం చెప్పం. మన సంగతులేమున్నాయి, మోకాళ్ళ నొప్పులు, కరెంటు బిల్లు అనుకుంటాం. వీరాస్వామయ్య ఊరికే రాస్తూ పోయాడంటే అవతల చదివే స్నేహితుడు ఉన్నాడన్న ధీమాతోనే. ఒకవైపే సాగితే అది కబురు కాదు, వాంగ్మూలం. ఈ ముక్క నాకు చిన్నదే గుర్తుచేసింది. ఆఖరి వాయి నూనెలో ఉండగా ఉన్నట్టుండి అడిగింది:

"నువ్వు డిగ్రీలో ఎక్కడికైనా వెళ్ళావా పిన్నీ?"

"అరకు తీసుకెళ్ళారు కాలేజీవాళ్ళు. బానే ఉంది."

"బానే ఉంది కాదు. ఏ రైలు?"

"కిరండూల్ పాసింజరు. పొద్దున్నే విశాఖపట్నంలో ఎక్కాం."

"సొరంగాలొచ్చినప్పుడు ఏం చేశారు?"

"అందరూ కేకలేశారు. నేనూ వేశాను."

"ఏం తిన్నారు?"

"పులిహోర పొట్లాలు. శృంగవరపుకోట దాటకముందే ఖాళీ."

"కిటికీ పక్కన ఎవరు?"

"నేనే."

"నీ పక్కన?"

చెప్పాను. చెప్పి, "మీ అమ్మతో అనకు" అన్నాను.