వ్రాయబడని యధ్యాయము

థియొడోరు రూజ్వెల్టు స్వీయచరిత్రము 1913వ సంవత్సరమున వెలువడినది. ఆయన 1901 మొదలు 1909 వఱకు అమెరికా సంయుక్త రాష్ట్రములకు అధ్యక్షుడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అధ్యక్షుడైన ఫ్రాంక్లిను రూజ్వెల్టు ఇతని దూరపు బంధువు. గ్రంథము వెలువడుటకు ముందటి యేడే ఆయన తాను పెరిగిన రిపబ్లికను పక్షమును వీడి, ప్రొగ్రెసివు పక్షమను మూడవ పక్షమును స్థాపించి, మరల అధ్యక్షపదవికి పోటీచేసి యోడిపోయెను. కావున ఈ గ్రంథమును చేతబట్టినవాడు మొదట వెదకునది ఆ చీలిక కథయే. మేమును వెదకితిమి. చిన్ననాటి యుబ్బసము, పడమటి పచ్చికబయళ్లలో పశువుల మందలు, న్యూయార్కు పోలీసుశాఖ, పనామా కాలువ, పక్షులు, పుస్తకములు - ఇన్నింటికిని చోటు దొరకినది. పాత పక్షమును ప్రగతిమార్గమునకు ద్రిప్పిన విధమును గూర్చి యొక యధ్యాయమే కలదు. ఆ పాత పక్షమును తాను విడిచిన విధమును గూర్చి మాత్రము అధ్యాయము లేదు.

గాయము పచ్చిగా నున్నప్పుడు మాటాడకుండుట మర్యాదయని కొందఱనవచ్చును. మేమట్లు తలపము. ఈ మౌనమునకు కారణము గ్రంథములోనే కలదు.

అందలి మేలైన ఘట్టమును ముందు చెప్పెదము. యువకుడైన రూజ్వెల్టు న్యూయార్కు శాసనసభలో సభ్యుడుగా నుండగా, పేదల యిండ్లలో చుట్టలు చుట్టు పరిశ్రమను నిషేధించు బిల్లొకటి వచ్చెను. మొదట దానిని వ్యతిరేకింపదలచిన యీయన స్వయముగా పోయి ఆ యిండ్లను జూచెను. ఒక్క గదిలో కుటుంబములు కాపురముండి, పక్కబట్టల ప్రక్కనే, తినగా మిగిలిన మెతుకుల నడుమనే పొగాకు పేర్చుకొని రేయింబవళ్లు చుట్టలు చుట్టుచుండిరి. ఆయన మనసు మారెను. చట్టమయ్యెను. కాని 1885లో న్యూయార్కు ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. ఆ న్యాయమూర్తులకు ధర్మశాస్త్రము తెలియును గాని ఆ గది తెలియదు. 1912 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రమున, రాష్ట్ర న్యాయస్థానములు కొట్టివేసిన చట్టములపై తుదితీర్పు ప్రజల వోటునకు విడువవలెనని రూజ్వెల్టు పలికి, పక్షములోని పెద్దలను బెదరగొట్టినాడన్న, ఆ మాటకు మూలము ఈ చుట్టల గదియే. ఈ భాగము చదివినవారికి చీలిక కేవలము పదవీకాంక్షవలన గలిగినది కాదని బోధపడును.

అయినను కాంక్ష లేదనజాలము. మరల అభ్యర్థిగా నిలువనని 1904లో ఎన్నిక గెలిచిన రాత్రియే ఆయన ప్రకటించెను. 1908లో టాఫ్టును తానే యెన్నిక చేసి నిలిపెను. 1912లో ప్రాథమిక యెన్నికలు జరిగిన రాష్ట్రములలో రూజ్వెల్టుకు 278 మంది ప్రతినిధులు, టాఫ్టుకు 48 మంది లభించిరి. జనము ఎవరి పక్షమో స్పష్టమే. కాని జూనులో చికాగో మహాసభకు ముందు, వివాదగ్రస్తములైన 254 స్థానములలో 235 టాఫ్టు పాలయ్యెను. ఇది దొంగతనమని రూజ్వెల్టు గర్జించెను. ఆ వివాదములలో పెక్కు బలహీనమైనవే. పైగా 1908లో ఇదే యంత్రమును టాఫ్టు కొఱకు ద్రిప్పినవాడు తానే! ఈ మాట వ్రాయవలసివచ్చునని కాబోలు, అధ్యాయమే వ్రాయలేదు.

అధ్యక్షుడు ప్రజలకు ధర్మకర్త యనియు, రాజ్యాంగముగాని చట్టముగాని నిషేధింపని యే పనినైనను ప్రజాహితమునకై చేయుట యతని విధి యనియు ఈ గ్రంథమందలి ముఖ్యసిద్ధాంతము. టాఫ్టు 1916లో తన గ్రంథమున దీనిని ఖండించెను. మా యాక్షేపణ వేఱు. ఈ సిద్ధాంతమున ప్రజలు గలరు, ధర్మకర్త గలడు. నడుమ పక్షమునకు చోటు లేదు. జనహృదయము తనకు నేరుగా తెలియునని నమ్మినవానికి పక్షము బాడుగబండి వంటిది. దిగినపిమ్మట బండివాని గొడవ యెవరికి?

ఆ బండిలో నెక్కినవారు సామాన్యులు కారు. ఆగస్టులో చికాగోలోనే జరిగిన ప్రొగ్రెసివు మహాసభ స్త్రీలకు వోటు, బాలకార్మిక నిషేధము, వ్యాధికిని ముసలితనమునకును భీమా కోరెను. హల్ హౌసు స్థాపకురాలు జేన్ ఆడమ్సు రూజ్వెల్టు పేరును బలపఱచెను. ఆ సభయే దక్షిణ రాష్ట్రముల నల్లజాతి ప్రతినిధులకు స్థానము నిరాకరించినది. దక్షిణాది తెల్లవారి వోట్లు దొరకునని యాశ. సంస్కర్తల సభ గుమ్మమున సంస్కారమే నిలిచిపోయెను. ఆశించిన ఆ వోట్లును రాలేదు. నవంబరులో విల్సనుకు 435, రూజ్వెల్టుకు 88, టాఫ్టుకు 8 నియోజక వోట్లు పడెను. అధికారమందున్న అధ్యక్షుని వెనుకకు నెట్టి మూడవ పక్షము రెండవ స్థానమున నిలుచుట సామాన్యము కాదు.

1916లో ప్రొగ్రెసివులు మరల ఆయననే ఎన్నుకొనిరి. ఆయన నిరాకరించి, రిపబ్లికను అభ్యర్థియైన హ్యూసును సమర్థించెను. పక్షము చెదరిపోయెను.

చదువరులకు మా సూచన యొక్కటి. ఈ స్వీయచరిత్రముతోపాటు జేన్ ఆడమ్సు 1930లో ప్రకటించిన, హల్ హౌసు రెండవ యిరువదియేండ్ల చరిత్రమును గూడ చదువవలెను. శాంతివాదిని యగు నామె, ఏటేట రెండు యుద్ధనౌకలు కట్టవలెనను ఆ పక్షపు షరతును మ్రింగుటకు మిక్కిలి కష్టపడెను. బాలకార్మికుల కొఱకు దానిని మ్రింగెను. రూజ్వెల్టు వ్రాయని యధ్యాయములో కొంతభాగము అచ్చట దొరకును.