కదలని సైకిలు, ఒరుసుకొను చర్మము: మూడు సలహాలపై ఒక విమర్శ

విశాఖపట్టణమునకు సైకిలు కొత్త వస్తువు కాదు. రేవునకు, నౌకానిర్మాణశాలకు, తరువాతి కాలమున ఉక్కు కర్మాగారమునకు పనికి పోయినవారిలో ఎందరో దానినే నమ్ముకొనిరి. ఇప్పుడు అదే నగరములో సైకిలు మరియొక అవతారమెత్తినది. వ్యాయామశాలలో పది పదిహేను సైకిళ్లను వరుసగా నేలకు బిగించి యుంచుదురు. ముందు ఒక శిక్షకుడు కూర్చుండును. పాట మొదలగును. ముప్పావుగంట సేపు అందరును తొక్కుదురు. చక్రము తిరుగును గాని బండి కదలదు. అమెరికాలో జానీ గోల్డ్‌బర్గ్ అను శిక్షకుడు 1990 దశకపు తొలి సంవత్సరములలో ప్రచారమునకు తెచ్చిన ఈ పద్ధతి నేడు మన పట్టణములకును వచ్చినది.

వ్యాయామముగా దీనిని తప్పు పట్టుటకు లేదు. గుండెకు, ఊపిరితిత్తులకు మంచి పని తగులును. వానయు లేదు, లారీల భయమును లేదు. అయితే కొత్తగా చేరినవారు రెండవనాడో మూడవనాడో ఒక బాధను గూర్చి గుసగుసలాడుదురు. అది కాళ్లనొప్పి కాదు, కూర్చున్నచోటి నొప్పి. నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గు. వైద్యుని అడుగుటకు మొగమాటము. అందువలన దీనికి చికిత్స యంతయు విన్నమాటలమీదనే నడచుచున్నది. ఆ మాటలలో ముఖ్యమైనవి మూడు: "అలవాటైపోవును", "మెత్తని కవరు వేయుము", "పౌడరు చల్లుకొనుము". ఈ మూడును పూర్తిగా అబద్ధములు కావు. కాని ప్రతిదియు తన హద్దు దాటి ప్రచారమగుచున్నది. ఆ హద్దు ఎక్కడనో చూడవలసియున్నది.

ఒకే పేరు, మూడు బాధలు

మొదటి లోపము రోగనిర్ణయములోనే కలదు. "సీటు నొప్పి" అను ఒక్క మాటతో వేరువేరు కారణములు గల మూడు బాధలను కలిపివేయుచున్నారు.

కటివలయము అడుగున రెండువైపుల ఎముకల గుబ్బలు రెండు గలవు. కూర్చున్నప్పుడు పైదేహపు బరువును మోయునవి అవే. గట్టి బల్లపై కూర్చుండి అరచేతులను క్రింద నుంచినచో అవి స్పష్టముగా తగులును. ఈ గుబ్బలకును సీటునకును నడుమ నలిగిన మాంసమునందు కలుగు నొప్పి మొదటిది. తొడ లోపలి చర్మము సీటు అంచునకు, తడిబట్టకు రాచుకొని ఎఱ్ఱబారుట, రోమకూపములు వాచి చిన్న గడ్డలగుట రెండవది. రెండు ఎముకల నడుమనుండు మెత్తని భాగములోని నరములు, రక్తనాళములు నొక్కుకొని తిమ్మిరి పట్టుట మూడవది. మొదటిది పీడనమువలన, రెండవది ఘర్షణమువలన, మూడవది పీడనము పడరానిచోట పడుటవలన కలుగుచున్నవి. ఒకదానికి పనికివచ్చిన మందు మరియొకదానిని పెంచుటకును అవకాశము కలదు.

"అలవాటైపోవును"

ఇందులో సత్యము కొంత కలదు. ఎముకల గుబ్బలవద్ద తోచు మొదటి నొప్పి, రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా తొక్కినచో, చాలమందికి రెండు మూడు వారములలో తగ్గును. దేహము ఓర్చుకొనుటను నేర్చును. తొక్కువాడును బరువును సర్దుకొనుట నేర్చును.

కాని ఒరిసిపోయిన చర్మమునకు అలవాటు అనునది లేదు. పుండుపై మరల రాపిడి పెట్టిన పుండు పెద్దదగును, సూక్ష్మజీవులకు ద్వారము తెరచినట్లగును. తిమ్మిరి విషయములో ఈ సలహా మరింత ప్రమాదకరము. తిమ్మిరి నరము చేయు హెచ్చరిక. దానిని ఓర్పుతో జయించుట యనగా హెచ్చరికగంటకు గుడ్డ చుట్టుట వంటిది.

ఈ విషయమున అమెరికా దేశపు వృత్తిరక్షణ, ఆరోగ్య జాతీయ సంస్థ 2008లో ప్రకటించిన పరిశోధన గమనింపదగినది. సైకిళ్లపై గస్తీ తిరుగు పోలీసులకు ముందుకు పొడుచుకొని వచ్చు ముక్కు లేని సీట్లను ఆరు నెలలపాటు ఇచ్చి చూచిరి. తొక్కునప్పుడు తిమ్మిరి ఎరుగమని చెప్పినవారు మొదట నూటికి 27 మంది. ఆరు నెలల తరువాత 82 మంది. ఆ పోలీసులు అదివరకే సైకిలునకు అలవాటు పడినవారు. అలవాటు పోగొట్టలేని తిమ్మిరిని సీటు ఆకారములోని మార్పు పోగొట్టినది. ముక్కు లేని సీటు అందరికిని అనుకూలించునని దీని యర్థము కాదు. కాని దోషమును తొక్కువాని ఓర్పులో గాక మొదట సీటులో వెదకవలెనని దీనివలన తెలియుచున్నది.

"మెత్తని కవరు వేయుము"

ఈ సలహా వెనుక మన పాఠశాలలలో చెప్పు సూత్రమే ఉన్నది: బలము అంతే యుండగా వైశాల్యము పెరిగినచో పీడనము తగ్గును. రైలుపట్టాల క్రింద స్లీపరులు పరచుట ఇందుకే. అయితే సూత్రమును చెప్పి ఊరకొనిన చాలదు, లెక్క వేసి చూడవలెను.

60 కిలోల మనిషి సైకిలుపై కూర్చున్నాడనుకొందము. అతని బరువులో కొంత చేతులమీద, కొంత పెడళ్లమీద పడును. సగము, అనగా సుమారు 300 న్యూటన్లు, సీటుపై పడినదనుకొందము. గట్టి సీటుపై రెండు గుబ్బల క్రింద కలిపి 30 చదరపు సెంటీమీటర్లమీద ఆ బరువు నిలిచినచో పీడనము చదరపు సెంటీమీటరుకు 10 న్యూటన్లు. పాదరసపు మట్టములో చెప్పినచో సుమారు 750 మిల్లీమీటర్లు. మెత్తని కవరు వేసి వైశాల్యమును 100 చదరపు సెంటీమీటర్లకు పెంచినను పీడనము సుమారు 225 మిల్లీమీటర్లుండును.

ఇప్పుడు రక్తము వైపు చూడుడు. యూజీన్ లాండిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1930లో గోరుమొదటి సన్నని కేశనాళికలలోని రక్తపీడనమును కొలిచెను. ధమని వైపు కొసయందు అది సుమారు 32 మిల్లీమీటర్లు. మన మెత్తని సీటు కలిగించు పీడనము దీనికి ఏడు రెట్లున్నది! చర్మముపై పడిన పీడనమంతయు లోపలి నాళములకు అట్లే చేరదు. మాంసము దానిని కొంత పంచుకొనును. అయినను ఒక్క విషయము తేలుచున్నది: ఎంత మెత్తని కవరైనను, కదలక కూర్చున్నవాని రక్తప్రసారమును పూర్తిగా కాపాడజాలదు.

మరి కాపాడునది యేది? కాలము. మైకేల్ కోసియాక్ అను వైద్యుడు 1959లో ప్రకటించిన ప్రయోగములలో, పీడనము ఎంత అధికమైన కణజాలము చెడుటకు అంత తక్కువ కాలము చాలునని తేలినది. మంచమునంటియున్న రోగిని మాటిమాటికి ప్రక్కకు త్రిప్పుటలోని కిటుకు ఇదే. సైకిలుపైనను అంతే. ప్రతి అయిదారు నిమిషములకు ఒకసారి సీటునుండి లేచి అర నిమిషము నిలిచి తొక్కినచో నలిగిన భాగములోనికి రక్తము మరల వచ్చును. కవరుకు డబ్బు కావలెను, దీనికి అక్కరలేదు.

అతి మెత్తని కవరులో మరియొక చిక్కు కలదు. గుబ్బలు అందులో దిగబడగా, నడుమనున్న కవరు పైకి ఉబికి మెత్తని భాగమును నొక్కును. మొదటి బాధను తగ్గింపబోయి మూడవదానిని తెచ్చుకొనుట యిదే. కావలసినది మెత్తదనము కాదు, తగిన వెడల్పు. గుబ్బల నడుమ దూరము మనిషికి మనిషికి మారును. స్త్రీలలో అది సాధారణముగా కొంత ఎక్కువ. అందరికిని ఒకే సీటు బిగించిన వ్యాయామశాలలో స్త్రీలు ఎక్కువ బాధపడినచో అది వారి సుకుమారత కాదు, ఆ సీటు కొలత.

"పౌడరు చల్లుకొనుము"

తడిచర్మమునకు పొడిచర్మముకంటె రాపిడి ఎక్కువ. కనుక పొడిగా నుంచుట మంచిదే. కాని ముప్పావుగంట చెమట పోయునపుడు చల్లిన పౌడరు నిమిషములలో ముద్ద కట్టి తానే రాపిడికి కారణమగును. ఇచ్చట మేలు చేయునది రాపిడి తగ్గించు లేపనము. పెట్రోలియం జెల్లీ వంటిది పలుచగా రాసినను చాలును.

అసలు ప్రశ్న, చెమట ఎందుకు నిలిచినదని. సాగరతీరపు రోడ్డుమీద గంటకు 20 కిలోమీటర్ల వేగముతో తొక్కువానికి గాలి నిలిచియున్నను సెకనుకు అయిదున్నర మీటర్ల గాలి తగులును. గదిలోని సైకిలునకు ఆ గాలి లేదు. విశాఖ గాలిలో తేమ అధికము, కనుక ఆవిరియగుట ముందే మందము. అర లీటరు చెమట ఆవిరియైనచో దేహమునుండి సుమారు 12 లక్షల జౌళ్ల ఉష్ణమును తీసికొనిపోవును. అదే చెమట కారి బట్టలో ఇంకినచో చల్లదనము రాదు, తడి మాత్రము మిగులును. అందువలన పౌడరు డబ్బీకంటె ఫంకా ముఖ్యము. నూలుబట్ట చెమటను పట్టి యుంచును. చెమటను పైకి లాగి ఆరనిచ్చు బట్టతో కుట్టిన, అతుకులు లోపలికి పొడుచుకొని రాని లాగు మేలు. మెత్త కుట్టిన సైకిలు లాగు క్రింద మరల లోదుస్తు వేసికొనినచో ఆ అతుకులే ఒరయును. తరగతి ముగియగానే తడిబట్ట విడిచి, స్నానము చేసి, పొడిబట్ట కట్టవలెను. చెమటబట్టతోనే కబుర్లలో కూర్చుండుట గడ్డలకు నారు పోయుటయే.

ఎవరును చెప్పని కారణము

ఈ మూడు సలహాలలో దేనియందును కనబడని కారణము ఒకటి కలదు. రోడ్డుమీది సైకిలు ప్రక్కలకు ఒరుగును. గుంతవద్ద మనిషి లేచును, పల్లములో తొక్కుట మానును, కూడలిలో దిగును. ఆ ప్రతి కదలికయు సీటునుండి కొంత విరామమే. నేలకు బిగించిన సైకిలు ఒరగదు. చాలవాటిలో ఫ్లైవీలు అను బరువైన చక్రము పెడళ్లతో కలిసి తిరుగుచుండుటవలన కాళ్లకు విరామము లేదు. రోడ్డుమీద నొప్పి ఎరుగనివాడును గదిలో బాధపడుటలో వింత లేదు.

దీనికి తోడు నిరోధకపు మరను బాగుగా వదులుచేసి వేగముగా తొక్కుట కొత్తవారి అలవాటు. సులువుగా నుండునని వారి ఊహ. లెక్క వేరుగా చెప్పుచున్నది. పెడలు కడ్డీ 17 సెంటీమీటర్లని, చేయు పని 100 వాట్లని అనుకొందము. నిమిషమునకు 100 చుట్లు తొక్కినచో పెడలు సెకనుకు 1.78 మీటర్లు కదలును, కాళ్లు చూపవలసిన సగటు బలము 56 న్యూటన్లు. 60 చుట్లే తొక్కినచో వేగము 1.07 మీటర్లు, బలము సుమారు 94 న్యూటన్లు. న్యూటను మూడవ సూత్రము ననుసరించి, పాదము పెడలును ఎంత క్రిందికి త్రోయునో పెడలు దేహమును అంత పైకి మోయును. అనగా నిరోధము మరీ తక్కువైనప్పుడు కాళ్లు మోయవలసిన బరువు సీటుమీద పడును, పైగా దేహము సీటుపై ఎగిరెగిరి పడును. నిరోధము అతిగా పెంచిన మోకాళ్లకు చేటు. సీటుపై ఎగిరి పడకుండ, మోకాలు బిగియకుండ తొక్కగల మధ్యస్థితిని వెదకుకొనవలెను. శిక్షకుడు పాటకంటె ముందు చెప్పవలసిన మాట ఇది.

సీటు ఎత్తును చూచుకొనవలెను. పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ దానిపై ఆనగా కాలు నిటారుగా నుండిన ఎత్తు సరిపోయినట్లు. సీటు మరీ ఎత్తైన నడుము ఇటునటు ఊగి తొడ ఒరయును. సీటు సమతలముగా నుండవలెను. ముక్కు పైకెత్తినచో తిమ్మిరి తప్పదు.

తరగతిగదిలో చేయదగినది

పీడన పాఠమునకు మన పాఠ్యపుస్తకములు మేకును, కత్తిని, ఒంటెపాదమును చూపును. మంచి ఉదాహరణములే. కాని విద్యార్థి దినమంతయు కూర్చున్న బల్ల ఉదాహరణము కాకపోవుట విచిత్రము. ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. పెట్టెలకు వాడు మడతల అట్టముక్కను గట్టి కుర్చీపై పరచి, దానిపై నిటారుగా కూర్చుండి లేచినచో రెండు పల్లములు పడును. వాటి నడుమ దూరమును, ఒక్కొక్కదాని వైశాల్యమును కొలిపించి, బరువును భాగించి, పీడనము కట్టింపవచ్చును. ఒకే బరువు గల ఇద్దరికి వేరు ఫలితములు వచ్చినపుడు పిల్లలు ప్రశ్న అడుగుదురు. ఆ ప్రశ్నయే పాఠము.

ఒరసిన చర్మము రెండు మూడు దినములు సైకిలుకు దూరమైనచో సాధారణముగా మానును. చీము పట్టినను, జ్వరము వచ్చినను, దిగిన తరువాతను తిమ్మిరి విడువకున్నను వైద్యుని చూడవలెను. ఇందు సిగ్గుపడవలసినది లేదు. మోచేయి ఎట్టిదో ఈ భాగమును అట్టిదే.

ఈ బాధను చిన్నదని నవ్వి విడుచువారు కలరు. కాని దీనివలన ఇద్దరు నష్టపోవుచున్నారు. ఒకరు, నాలుగు దినములు తొక్కి, "నా శరీరము వ్యాయామమునకు తగదు" అని మానుకొనువారు. వేరొకరు, తిమ్మిరిని పట్టుదలతో భరించి, పోయినదాక ఎరుగనివారు. మొదటివారికి లోపము దేహములో లేదని చెప్పువారు లేరు, రెండవవారికి ఓర్పు ఔషధము కాదని చెప్పువారు లేరు. ఎనిమిదవ తరగతి పీడన పాఠమును, తొమ్మిదవ తరగతి చలన సూత్రములను కూర్చున్న బల్లదాక తెచ్చి చూపిన ఉపాధ్యాయుడు ఈ రెండు మాటలును ఒకేసారి చెప్పినవాడగును.